లేసు విప్పుతున్న తాతగారు

నేను కుర్చీకి వీపు ఆనించి కూర్చోను. బస్సులో కూడా అంతే. ఆనుకోవడం అలవాటైన మనిషి అడుక్కోవడానికీ అలవాటు పడతాడని మా తాతగారు అనేవారు. ఇప్పుడు నేను కూర్చునే కుర్చీ నాది కాదు. అమలాపురంలో ఒక ఫంక్షన్ హాలు వారిది. నేను దానికి మేనేజరుని. ముహూర్తాలున్న నెలల్లో వంటవాళ్ళు, పూలవాళ్ళు, జనరేటరు, పనసపొట్టు కూర మూడో బంతికి అందలేదని పెళ్ళికొడుకు మేనమామ అలక. మూఢం వచ్చిందంటే హాలు ఖాళీ. ఆ ఖాళీలో, ఆ కుర్చీలోనే, నిటారుగా కూర్చుని కథలు చదువుతాను.

నేను చదివేవి ఒక రకం కథలే. పట్నం నడిబొడ్డున మాయ జరిగే కథలు. అడవుల్లో రాక్షసులు, కోటల్లో రాకుమార్తెలు నాకు అక్కర్లేదు. ఆధార్ కార్డు, ట్రాఫిక్ సిగ్నలు ఉన్న ఊళ్ళోనే ఆ రాక్షసుడు తిరగాలి. ఈ కథల్లో ఎవరూ గుర్తుపట్టని మనిషి ఒకడుంటాడు. బస్టాపులో నిలబడి ఉంటాడు, లేదా ఏ షోరూము ముందో తలుపు తీస్తుంటాడు. కథ సగానికి వచ్చేసరికి ఆయన రాజని తెలుస్తుంది. అంతవరకు తనను తోసుకుంటూ పోయినవాళ్ళ పని ఆయన చివరి పేజీలో పడతారు. ఆ చివరి పేజీ కోసమే నేను చదువుతాను. వినోదం కోసం చదువుతానని ఎవరైనా అనుకుంటే అది వాళ్ళ మర్యాద.

నాకు ఇష్టమైన రచయిత ఒకరున్నారు. పెద్దవారు. ఆయన కథ ఒకదానిలో టోల్ గేటు దగ్గర టీ అమ్మే ముసలాయన నిజానికి ఆ దారికంతటికీ రాజు. ఆయన మీదకి చిల్లర విసిరేసి పోయినవాళ్ళ కార్లు ఎటు తిరిగినా, ఎంత దూరం పోయినా, మళ్ళీ అదే టోల్ గేటు ముందుకు వస్తుంటాయి. మా హాలు యజమాని అల్లుడు నన్ను "ఏమయ్యా మేనేజరూ" అని పిలిచిన రోజున నేను ఆ కథ తీసి మళ్ళీ చదివాను. ఈసారి ఆ కార్లలో ఒకటి ఆయనది. ఇప్పటికీ ఆ టోల్ గేటు చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు, పాపం, డీజిలు కూడా అయిపోవడం లేదు. ఇంకో కథలో ఒక అపార్టుమెంటు లిఫ్టు, లేని అంతస్తుకి వెళ్ళి, ఆ స్థలంలో ఒకప్పుడున్న తోటలో ఆగుతుంది. తోట యజమాని దిగినవాణ్ణి "ఎవరి పిల్లాడివి?" అని అడుగుతాడు. జవాబు చెప్పలేనివాడు తిరిగి రాడు. మా ఇల్లు కొని పడగొట్టి కాంప్లెక్సు కట్టినవాళ్ళను ఆ లిఫ్టు ఎక్కించాను. ఎవరికీ తెలియదు. ఎవరికీ దెబ్బ తగలదు. నా కడుపు మాత్రం చల్లగా ఉంటుంది.

మా ఇల్లు మా నాన్నగారి హయాంలో పోయింది. ఎలా పోయిందో చెప్పుకునే అలవాటు మాకు లేదు. మెయిన్ రోడ్డు మీద ఇప్పుడు అక్కడ మూడంతస్తుల కాంప్లెక్సు ఉంది. కింద సెల్ షాపు, కళ్ళజోళ్ళ షాపు, పైన కోచింగ్ సెంటరు. అటు పోవలసి వస్తే నేను రోడ్డుకి అవతలి పక్కన, తల తిప్పకుండా నడుస్తాను. ఆ ఇల్లు ఉన్నన్నాళ్ళూ నేను వీధి అరుగు మీద, తాతగారి పక్కన కూర్చున్నాను. అదే నాకు గుర్తు. కాంప్లెక్సుని గుర్తుపెట్టుకోవలసిన అవసరం నాకు లేదు.

తెలియని రచయితల జోలికి నేను పోను. ఎవరింట్లోనైనా మంచినీళ్ళు పుచ్చుకోవాలంటే ముందు వాళ్ళెవరో తెలిసి ఉండాలని మా ఇంటి పద్ధతి. పుస్తకానికీ అదే పాటించాను. బస్టాండు దగ్గర పుస్తకాల షాపాయన నన్ను ఇప్పటికీ బాబుగారు అంటాడు. ఊళ్ళో అలా పిలిచేది ఆయనొక్కడే. అందుకే పుస్తకాలు అక్కడే కొంటాను. కిందటి మూఢంలో ఆయన ఒక పుస్తకం తీసి కౌంటరు మీద పెట్టాడు.

"బాబుగారండీ, మీ రచయితగారిది కొత్త కథ వచ్చిందండి. అయితే సంకలనమండి. ఇంకా చాలామంది ఉన్నారు."

"మిగతావాళ్ళెవరు?"

"కొత్తవాళ్ళండి. రాజోలు వైపు కాలేజీలో లెక్చరరుగారు ఒకావిడ కూడా రాసేరండి. ఆ కథ మన మెయిన్ రోడ్డు మీదే జరుగుద్దండి."

"నాకు ఒక్క కథ చాలు."

"ఒక్క కథ చింపి ఇవ్వలేను కదండీ, ఆయ్."

తెచ్చుకున్నాను. మా రచయితగారి కథ ముందు చదివాను. నిజం చెప్పాలంటే ఆ కథలో పస లేదు. మెట్రో రైల్లో ఒక గంధర్వుడు పాట మరిచిపోయాడు, చివరికి గుర్తొచ్చింది, దిగిపోయాడు. ఎవరి మీదా ఎవరికీ కక్ష లేదు. పెద్దవయసు మనిషి, మెత్తబడిపోయినట్టున్నారు. ఆకలి తీరని మనిషిలా పేజీ తిప్పాను. వెనక పేజీలోనే ఆ లెక్చరరుగారి కథ మొదలైంది.

అమలాపురం మెయిన్ రోడ్డు మీద ఒక సెల్ షాపు. దాని ముందు నుంచి నడిచిపోయేవాళ్ళ కాళ్ళ చెప్పులు వాటంతటవే ఊడిపోతుంటాయి. ఊడి, బారులు తీరి, ఒక మూలకు నడుచుకుంటూ వెళ్ళి ఒద్దికగా నిలబడతాయి. జనం ఉత్త కాళ్ళతో గంతులేస్తూ వాటి వెనక పరిగెడతారు. మునిసిపాలిటీ వాళ్ళు వచ్చి చూసి రోడ్డుది లోపమని రాసుకుపోతారు. సంగతేమిటంటే, ఆ షాపు బోర్డుకు కాస్త పైన, గాలిలో, ఇప్పుడు లేని ఒక అరుగు మీద, చనిపోయిన పెద్దమనిషి ఒకరు కూర్చుని ఉన్నారు. ఆయన ఎవరినీ ఏమీ అనరు. చెప్పులతో ఎవరైనా ఎదురుగా వస్తే ఒకసారి గొంతు సవరించుకుంటారు. అంతే. చెప్పులు ఊడతాయి. ఆ సవరింపుకి షాపులో ఫోన్లకు సిగ్నలు కూడా పోతుంది.

ఆ గొంతు సవరింపు దగ్గర నా వేలు పేజీ మీద ఆగింది. ఆ శబ్దాన్ని ఆవిడ రాసిన తీరు చూస్తే పక్కన కూర్చుని విన్న మనిషి రాసినట్టుంది. మొదట ఒక చిన్న మూలుగు, తరవాత గట్టిగా ఒక దగ్గు, తరవాత నిశ్శబ్దం. మా తాతగారు. పేరు లేదు. పేరు అక్కర్లేదు. ఊళ్ళో అరవై దాటిన ఎవరికైనా ఆ దగ్గు తెలుసు.

కథ చివర ఒక అమ్మాయి వస్తుంది. ఆ అమ్మాయి అమ్మమ్మ ఆ ఇంటి ముందు చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నడిచిన మనిషి. అమ్మాయి కాళ్ళకు లేసుల బూట్లు. పెద్దమనిషి గొంతు సవరిస్తారు. బూట్లు కదలవు. మళ్ళీ సవరిస్తారు. ఊళ్ళో సిగ్నళ్ళన్నీ పోతాయి, బూట్లు మాత్రం అలాగే ఉంటాయి. ఏమిటో చూద్దామని ఆయన అరుగు దిగుతారు. వంగుతారు. ఆ అమ్మాయి పాదాల దగ్గర కూర్చుని లేసు ముడి విప్పడం మొదలుపెడతారు. ఆ ముడి ఎలా వీడుతుందో ఆయనకు తెలియదు. ఇంకా విప్పుతూనే ఉన్నారు. కథ అయిపోయింది.

మా వంశంలో ఎవరూ వంగలేదు. మా నాన్నగారు అన్నీ పోగొట్టుకున్నారు కానీ వంగలేదు. ఇల్లు ఖాళీ చేసిన రోజున గుమ్మం తలకు తగులుతుందేమోనని కూడా తల దించలేదు. మిగిలింది ఆ వీపొక్కటే. దాన్ని ఆవిడ మెయిన్ రోడ్డు మీద, సెల్ షాపు ముందు వంచింది. అచ్చులో వంచింది. ఇక ఆ పుస్తకం ఎవరు ఎక్కడ తెరిచినా మా తాతగారు వంగి ఉంటారు.

నేను ఎవరినైనా టోల్ గేటు చుట్టూ తిప్పానంటే నా మనసులో తిప్పాను. ఆవిడ అచ్చు వేయించింది. తేడా ఉంది.

ఆ కథను మళ్ళీ మళ్ళీ చదివాను. దొంగతనం జరిగిన ఇంట్లో పోలీసు వెతికినట్టు వెతికాను. దొరికింది. చెప్పులు బారులు తీరే మూల గురించి ఆవిడ ఇలా రాసింది: గేటుకు ఎడమ పక్క, నందివర్ధనం చెట్టు కింద. తప్పు. మా నందివర్ధనం గేటుకు కుడి పక్కన ఉండేది. పని మీద వచ్చినవాళ్ళు చెప్పులు అక్కడే, గోడ బయట విడిచేవారు. నేను అరుగు మీద కూర్చుని ఆ చెట్టును చిన్నతనమంతా చూశాను. అంటే ఆవిడ ఆ ఇల్లు చూడలేదు. ఎవరో చెప్పిన పుకారు పట్టుకుని మా తాతగారిని వంచింది. అది నలుగురిలో నిరూపిస్తే చాలు. చెట్టే అబద్ధమైతే తాతగారూ అబద్ధమే.

నా అదృష్టం, పుస్తకాల షాపాయన ఆ సంకలనానికి పరిచయ సభ పెట్టాలనుకున్నాడు. ఎక్కడ పెట్టాలని నన్నే అడిగాడు. మూఢమే కదా, మా మినీ హాలు ఇప్పిస్తానన్నాను. యజమానితో నేనే మాట్లాడాను.

మైకు గొంతు కీచుమనేలా చెయ్యచ్చు. ఆవిడ కుర్చీని టకటకలాడే ఫ్యాను కింద వేయించచ్చు. అలాంటి చిల్లర పనులు నేను చెయ్యలేదు. మా ఇంటి పగకు ఒక మర్యాద ఉంది. ఒక్క పని చేశాను. సభను వేదిక మీద ఏర్పాటు చేశాను. అది కల్యాణ వేదిక. మెట్ల దగ్గర బోర్డు ఎప్పటినుంచో ఉంది: పాదరక్షలు ఇక్కడ విడువవలెను. పెళ్ళికూతురి తండ్రైనా, ఏ పదవిలో ఉన్నవారైనా అక్కడ విప్పవలసిందే. నేను పెట్టిన నియమం కాదు. బోర్డు మీద దుమ్ము మాత్రం తుడిపించాను.

ఆవిడ వాళ్ళ అమ్మగారితో వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. నేత చీర, కాళ్ళకు తెల్లటి లేసుల బూట్లు. మెట్ల దగ్గర ఆగి బోర్డు చదివింది. తరవాత నన్ను చూసింది. నేను ఎవరో షాపాయన అప్పటికే చెప్పినట్టున్నాడు.

"పైకి ఎక్కాలంటే విప్పాలన్నమాటండి," అంది.

"అందరికీ అదే రూలండి," అన్నాను.

"ఆయ్. అయితే కిందే బాగుందండి. ఒక కుర్చీ ఇటు వేయించండి."

కథ చదివి వచ్చినవాళ్ళు కొందరు నవ్వారు. కుర్చీ వేయించాను. మేనేజరుని కదా, నేనే వేయించాలి. వచ్చినవాళ్ళందరూ వేదిక వదిలేసి ఆవిడ చుట్టూ కూర్చున్నారు. మైకు ఖాళీ వేదిక మీద ఒంటరిగా ఉండిపోయింది.

ఆవిడ కథ చదివింది. బాగా చదివింది. గొంతు సవరింపు వచ్చిన చోట నిజంగా సవరించింది, ముందు వరసలో ఒకాయన తెలియకుండానే కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. చదవడం అయ్యాక ప్రశ్నలన్నారు. నేను లేచాను.

"మీరు ఆ ఇల్లు చూసేరాండి?" అని అడిగాను.

"లేదండి. నేను పుట్టేసరికి లేదు."

"నేను ఆ ఇంట్లో పుట్టాను. నందివర్ధనం గేటుకు ఎడమ పక్కన అని రాసేరు. అది కుడి పక్కన ఉండేది. చూడని ఇంటి గురించి రాస్తే ఇలాగే ఉంటుంది. మా తాతగారు ఎవరినీ చెప్పులు విప్పమని ఏనాడూ నోటితో అనలేదు. అదీ మీకు తెలియదు."

అందరూ ఆవిడ వైపు తిరిగారు. నేను కోరుకున్నది అదే.

"అనలేదనే రాసేనండి," అంది ఆవిడ. "గొంతు సవరించుకునేవారని రాసేను. చెట్టు సంగతి మా అమ్మని అడగండి."

వాళ్ళ అమ్మగారు లేవలేదు. కూర్చునే అడిగింది. "తమరు ఎక్కడినించి చూసేరండి ఆ చెట్టుని?"

"మా అరుగు మీద నుంచి."

"మేం రోడ్డు మీదినించండి. మాకు ఎడమే."

ముందు ఒకరు నవ్వారు. తరవాత హాలంతా నవ్వింది. నేను చేత్తో గాలిలో గేటు ఎటు, అరుగు ఎటు అని చూపించబోయాను. చెయ్యి ఎటు తిప్పినా ఆవిడ చెప్పిందే వస్తోంది. చెయ్యి దించేశాను. వీపు దించలేదు.

పెద్దావిడ ఇంకా చెప్పడం ఆపలేదు. ఆవిడకు నవ్వించడం వచ్చు. "మా అమ్మ పని చెప్పించుకోడానికి వచ్చి చెప్పులు అక్కడ ఇడిచేదండి. నాకు చెప్పులు లేవు. అయినా అమ్మ ఆగితే నేనూ ఆగేదాన్ని, ఏదో విప్పుతున్నట్టు వంగేదాన్ని. ఆ చెట్టు కొమ్మలు గోడ బయటికి ఉండేవి కదండీ. పువ్వులు చెప్పుల్లో రాలేవి. తమ నాయనమ్మగారు ఆ చెట్టు పువ్వు ఒక్కటి కూడా ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదంట, శివుడికని. మా అమ్మ ఏం చేసేదో తెలుసాండి? పువ్వులతోపాటే చెప్పులు చేత్తో పట్టుకుని పేటకి తెచ్చేది. ఆదివారం చర్చిలో బల్ల మీద పెట్టేది. 'దొరగారి పువ్వులు, దొరగారికి తెలీకుండా వచ్చేయి' అనేది."

చప్పట్లు కొట్టారు. పుస్తకాల షాపాయన కూడా కొట్టాడు, నన్ను చూసి ఆపాడు.

మా నాయనమ్మ ఆ చెట్టు పువ్వులు పొద్దున్నే తానే కోసేది. నేల రాలినవి పూజకు పనికిరావని వదిలేసేది. గోడ అవతల రాలినవాటి గురించి మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ సంగతి నేను అక్కడ చెప్పలేదు. చెప్పి మరో నవ్వు వాళ్ళ చేతికి ఇవ్వవలసిన పని లేదు.

"ఒక్కటి అడుగుతానండి," అన్నాను లెక్చరరుగారితో. "చివర మా తాతగారిని అలా వదిలేసేరు. ఆయన ఇంకా విప్పుతూనే ఉన్నారా?"

"విప్పుతూనే ఉన్నారండి."

"ఎన్నాళ్ళు?"

"ముడి నేను వేసిందండి. గట్టిగానే వేసేను."

"మా తాతగారికి వంగడం రాదు."

"నేర్చుకుంటున్నారండి," అంది.

అది నవ్వుతూ అనలేదు. అందుకే నాకు ఆవిడ మీద మొదటిసారి ఒక రకమైన గౌరవం కలిగింది. పగ పట్టడం ఆవిడకు తెలుసు. మా రచయితగారు మరిచిపోయారు, ఈవిడ మరిచిపోలేదు. టీ, పనసాకు బుట్టల్లో వండిన పొట్టిక్కలు పంపించమని వంటింటికి చెప్పి నేను నా కుర్చీకి వచ్చి కూర్చున్నాను.

మర్నాడు మెయిన్ రోడ్డుకి వెళ్ళాను. ఈసారి ఇవతలి పక్కన నడిచాను. కాంప్లెక్సు ఎదురుగా రోడ్డు మీద నిలబడి దాన్ని తిన్నగా చూశాను. ఒక ఆటో హారను కొట్టింది, పక్కకు జరిగి మళ్ళీ చూశాను. గేటు ఉండవలసిన చోట సెల్ షాపు మెట్లు. ఎడమ పక్కన కూల్ డ్రింకుల ఫ్రిజ్. నందివర్ధనం అక్కడే ఉండేది. ఎడమే. ఆ ఇంటిని అక్కడ నిలబడి చూడవలసిన అవసరం మాకు ఎప్పుడూ రాలేదు, అంతే. షాపు కుర్రాడు "ఏం కావాలండి?" అని అడిగాడు. ఏమీ అక్కర్లేదన్నాను. నా చెప్పులు నా కాళ్ళకే ఉన్నాయి.

చెట్టు పోయింది, సరే. తాతగారిని వదిలిపెట్టను. అచ్చులో వంచినవాళ్ళకు అచ్చులోనే జవాబు చెప్పాలి. కథ రాయడానికి కూర్చున్నాను, జీవితంలో మొదటిసారి. ఆవిడ ఆపిన చోట మొదలుపెట్టాను. అనుకున్నది ఒకటే: ఆయన లేచి నిలబడాలి.

రాయడం మొదలుపెట్టాక తెలిసింది, ఆ ముడి వీడనిదే ఆయన లేవరు. కత్తెరతో కోయిద్దామనుకున్నాను. కత్తెర సెల్ షాపు వాణ్ణి అడగాలి. మా తాతగారు అడగరు. నౌకరు చేత విప్పిద్దామంటే ఆ రోడ్డు మీద నౌకర్లు లేరు. ఆ అమ్మాయే జాలిపడి విప్పుకున్నట్టు రాశాను, కొట్టేశాను. నేను చూశాను ఆ మనిషిని, విప్పదు. పైగా జాలి మాకు వద్దు. పని మధ్యలో వదిలేసి లేచిపోయినట్టు రాస్తే అది ఓటమి. ఏ దారిన వెళ్ళినా, ఆ టోల్ గేటు కార్లలాగే, మళ్ళీ ఆ బూట్ల దగ్గరికే వస్తున్నాను. ఆయన వేళ్ళతో ఆయనే విప్పాలి.

కనక రాశాను. నా దగ్గర లేసుల బూట్లు లేవు. హాలుకి వచ్చిన ఎలక్ట్రీషియను బూటు అడిగి, టేబులు మీద పెట్టుకుని, ముడి ఎలా బిగుసుకుంటుందో, ఏ పోగు ముందు లాగాలో చూశాను. ఉంగరం వేలికి అడ్డం పడుతుంటే తాతగారు దాన్ని తీసి జేబులో వేసుకున్నట్టు రాశాను. గోటితో పోగు వదులు చేశారు. ముడి వీడింది. ఆయన మోకాలి మీద చెయ్యి వేసి లేచి, వీపు నిటారు చేశారు. ఆవిడ రాసిన దానికంటే ఆ వంగడం నా కథలోనే పొడుగ్గా వచ్చింది. అది నాకు తెలుసు. తగ్గిస్తే లేవడం నమ్మేలా ఉండదు.

కాగితాలు పుస్తకాల షాపాయనకి ఇచ్చాను. సంకలనం మళ్ళీ వేస్తున్నారట, పంపుతానన్నాడు.

"పేరు ఏం పెట్టమంటారండి, బాబుగారండీ?"

"ఏదో ఒకటి పెట్టండి. ఎవరికీ తెలియనిది."

"ఆవిడ గుర్తుపట్టేత్తారండి."

"పట్టాలి."

తెలియని రచయిత కథ ఆవిడ చదవాలి. తాతగారు లేచేదాకా పేజీలు తిప్పాలి. లేచాక ఆయన ఏమీ అనరు. ఎప్పుడూ అనలేదు కదా. విడివడిన లేసులతో ఆ అమ్మాయి ఎదురుగా నిలబడి ఉంటుంది. ఆయన అరుగెక్కి, కూర్చుని, ఒక్కసారి గొంతు సవరించుకుంటారు. మెయిన్ రోడ్డు పొడుగునా ఫోన్లకు సిగ్నలు పోతుంది. బూట్లు ఊడాయో లేదో నేను రాయలేదు.